దూప

కాజీపేటలో బండి సగం ఖాళీ అవుతుంది. నువ్వు దిగకు.
వరంగల్లుకి ఇంకో పది నిమిషాలు.
ఈ లోపల నీ "అండీ"ని మడతపెట్టి
సంచీ అడుగున పెట్టుకో, హేమసుందరూ.
పారెయ్యమనడం లేదు. బ్యాంకులో పనికొస్తుంది.

స్టేషను బయట "యాడికే" అని నలుగురు మీద పడతారు.
కోపం కాదు, ఆ గొంతే అంత.
"ఎంజీఎం దవఖానకు" అను.
హాస్పిటల్ అన్నావా,
ప్రైవేటువి పద్నాలుగు పేర్లు ఏకరువు పెడతాడు.

గేటుకెదురుగా మందుల షాపుల వెనక సందులో
యాకమ్మ మెస్సు. బోర్డుండదు,
గడప ముందు చెప్పుల గుంపే బోర్డు.
నేను రేపల్లె నుంచి దిగిన రోజు
"తొక్కు ఎయ్యాల్నా?" అందామె.
కాళ్ళు గబుక్కున బల్లకిందికి లాక్కున్నాను.
ఎంత నవ్విందంటే
చేతిలో గంటె జారి పప్పులో మునిగింది.
తొక్కంటే పచ్చడి. సల్లంటే మజ్జిగ.
ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ — తేడా ఒక్క అక్షరమే,
తప్పు చెప్తే సాయంత్రం దాకా నోరు చెప్తుంది.
నీకో తేలిక ఉందిలే, మీ నర్సీపట్నం ఆనపకాయ
ఇక్కడ ఆనిగెపుకాయ.
దగ్గరి చుట్టమే, కాస్త బరువెక్కిందంతే.

ఆదివారం తునకల కూర. పన్నెండు దాటితే పులుసే.
"మంచిగున్నది" అని ఊరుకోకు,
ఇంకింత అడుగు. అడగనివాణ్ణి యాకమ్మ నమ్మదు.

నయీంనగర్ మూల మీద పొద్దుమీకి సుగుణ బండి పెడుతుంది.
గిన్నెకు అతికిన సర్వపిండి,
వేలితో పొడిచిన చిల్లుల్లో నూనె చిటపట.
అట్టు అనకు. నేనన్నాను,
వారం దాకా మాడినదే ఇచ్చింది.
మండిబజార్లో చాయ్ సాసర్లో పోసుకుని తాగేవాళ్ళ పక్కనే కూర్చో.
ఎనుమాముల వైపు మిర్చి వచ్చే రోజుల్లో పోతే
ముందు దగ్గు పలకరిస్తుంది, తర్వాతే మనుషులు.

"ఊకె వచ్చిన" అంటే పనేం లేదని కాదు.
పని ఉంది, చెప్పడానికి మొహమాటం.
కుర్చీ వెయ్యి.
"పోతాన" అన్నవాడు ఇంకో అరగంట పోడు.

ఇవన్నీ తిండితో పాటు వాటంతటవే వస్తాయి.
ఒక్క మాట మాత్రం రైల్లోనే నేర్చుకో.

నా మూడో రాత్రి. నెత్తురు తీసుకోడానికి మగవాళ్ళ వార్డుకి వెళ్ళాను.
పరకాల నుంచి వచ్చిన ముసలాయన
"దూపైతాంది బిడ్డా" అన్నాడు.
ధూపం అనుకున్నాను.
పోయే ముందు దేవుణ్ణి తలుచుకుంటున్నాడనుకుని
"ఇక్కడ అగరొత్తులు వెలిగించకూడదండీ" అన్నాను, మర్యాదగా.
మళ్ళీ అన్నాడు. నాలుక బయటపెట్టి చూపించాడు.
నేను టార్చి వేసి గొంతు చూశాను.
మూడోసారి అనలేదు, గోడవైపు తిరిగాడు.

వార్డుబాయ్ యాకూబ్ సీసా పట్టుకొచ్చి
తల కింద చెయ్యి పెట్టి తాగించాడు.
"దూపంటే దాహం సారూ" అన్నాడు, నా మొహం చూడకుండా.
గుటకలు వార్డంతా వినిపించాయి.
ముసలాయన మూతి తుడుచుకుని
నా వైపే చెయ్యి చాపాడు — తీసుకో నెత్తురు అన్నట్టు.
నాకు నరం దొరకలేదు.

ఇరవై రెండేళ్ళయింది.
మొన్న రేపల్లెలో చాయ్ తాగుతుంటే
కొట్టువాడు అడిగాడు, "ఏ ఊరండీ మీది?"
చెప్పడానికి నోరు తెరిచి
కాసేపు అట్లనే ఉన్న.

సరే, కూత వినపడతాంది, బ్రిడ్జి దాటినట్టున్నవ్.
డబ్బా అడుగుల చెప్పులు చూస్కో, పైలం.
కిటికీ కాడ నీళ్ళ సీసా ఉంటది గద,
సగమే ఉన్నా పారవొయ్యకు,
పట్కరా.